అనాబాప్టిస్టులను చంపింది విశ్వాసానికా, తిరుగుబాటుకా?

తెల్లకాగితం:

మొన్న ఆదివారం ప్రసంగంలో మళ్ళీ ఫీలిక్స్ మాంజ్ సంగతి వచ్చింది. చంటిపిల్లల బాప్తిస్మం చెల్లదని, పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం ఇచ్చినవాళ్ళను అనాబాప్టిస్టులు అంటారు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో చంపేసిన అనాబాప్టిస్టు ఈ మాంజ్. పెళ్ళయి ఈ సంఘానికి వచ్చిన మూడేళ్ళలో నేనిది వినడం నాలుగోసారి. "చంటిపిల్లల బాప్తిస్మం చెల్లదన్నందుకు మనవాళ్ళను నీళ్ళలో ముంచి చంపారు" అంటారు, అక్కడితో ఆపేస్తారు. నేను పుట్టి పెరిగింది గుంటూరు వైపు, చంటిపిల్లలకు బాప్తిస్మం ఇప్పించే లూథరన్ కుటుంబంలో. ఆ మాట వచ్చినప్పుడల్లా నలుగురూ నా వైపు చూసినట్టే ఉంటుంది. అందుకే ఈ మధ్య కూర్చుని దొరికినంత చదివాను.

నాకు అర్థమైంది చెబుతాను. 16వ శతాబ్దంలో బాప్తిస్మం ఒక్క చర్చికి సంబంధించిన విషయం కాదు. పుట్టిన బిడ్డ సంఘంలో మనిషి అయ్యేదీ, ఊళ్ళో మనిషి అయ్యేదీ ఆ నీళ్ళతోనే. జ్యూరిచ్‌లో 1526లో బాప్తిస్మ రిజిస్టర్లు కూడా పెట్టారు. "అది చెల్లదు" అంటే ఊరి పునాదే చెల్లదన్నట్టు పాలకులకు వినిపించింది. పైగా 1527 ఫిబ్రవరి 24న ష్లైట్‌హైమ్ అనే ఊళ్ళో ఈ అనాబాప్టిస్టులు రాసుకున్న 7 తీర్మానాలు చూడండి. ప్రమాణం చెయ్యం, కత్తి పట్టం, అధికారి పదవి తీసుకోం అన్నారు. అప్పటి పట్టణాలు నిలబడిందే పౌరులంతా కలిసి చేసే ప్రమాణం మీద. శత్రువు వస్తే గోడ ఎక్కాల్సింది కూడా ఆ పౌరులే.

ఇక మ్యూన్‌స్టర్ ఉండనే ఉంది. 1534లో అనాబాప్టిస్టులు ఆ జర్మన్ పట్టణాన్ని చేతిలోకి తీసుకుని, మళ్ళీ బాప్తిస్మం వద్దన్నవాళ్ళను ఫిబ్రవరి చలిలో బయటికి తరిమారు. వాళ్ళ నాయకుడు యాన్ వాన్ లైడెన్ తానే రాజునన్నాడు, బహుభార్యాత్వం పెట్టాడు. మరుసటి ఏడాది పట్టణం పడిపోయింది. ముగ్గురు నాయకుల శవాలను ఇనుప బోనుల్లో పెట్టి సెయింట్ లాంబర్ట్ చర్చి గోపురానికి వేలాడదీశారు. ఆ బోనులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

చంపడం తప్పే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ "విశ్వాసం కోసం చంపారు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడం న్యాయమేనా అని అడుగుతున్నాను.

పాలమూరు పిల్లోడు:

అక్కా, ఒక్క లెక్క చూడండి. మాంజ్‌ను లిమ్మట్ నదిలో ముంచింది 1527 జనవరి 5న. మ్యూన్‌స్టర్ జరిగింది 1534లో. ఏడేళ్ళ తర్వాత ఎవరో చేసినదానికి ఈయనకు ముందే శిక్ష పడిందా? మళ్ళీ బాప్తిస్మం ఇచ్చేవాళ్ళను నీళ్ళలో ముంచి చంపాలని జ్యూరిచ్ కౌన్సిల్ తీర్మానించింది 1526 మార్చి 7న. అప్పటికి ఏ అనాబాప్టిస్టూ ఏ పట్టణాన్నీ పట్టుకోలేదు.

ఎలా చంపారో కూడా చెప్పాలి. మధ్యాహ్నం పడవ ఎక్కించి, నది మధ్యలో ఉన్న చేపలవాళ్ళ గుడిసె దగ్గరికి తీసుకెళ్ళారు. చేతులు కట్టి, ఆ చేతులను ముడిచిన మోకాళ్ళ కిందికి దించి, మధ్యలో కర్ర దూర్చారు. మనిషి ముద్దలా అయిపోతాడు, ఈదలేడు. అలా నీళ్ళలోకి తోశారు. జనవరి నెల, స్విట్జర్లాండ్ చలి.

మైఖేల్ సాట్లర్ సంగతి చూడండి. మీరు చెప్పిన ఆ 7 తీర్మానాలు రాసింది ఆయనే అంటారు. కత్తి పట్టనన్న మనిషి నాలుకను అదే 1527 మే నెలలో రోటెన్‌బుర్గ్‌లో కోశారు, కాల్చిన పటకార్లతో ఒళ్ళు పీకారు, తర్వాత తగలబెట్టారు. రెండు మూడు రోజులకే ఆయన భార్య మార్గరెటాను నెకర్ నదిలో ముంచారు. ఆమె ఏ పట్టణాన్ని పట్టుకుంది?

మ్యూన్‌స్టర్ మాది కాదు. మెన్నో సైమన్స్ ఆ యాన్ వాన్ లైడెన్‌కు వ్యతిరేకంగానే రాశాడు. ఆయన పేరుతోనే మేం మెన్నొనైట్లం. మ్యూన్‌స్టర్‌ను తెచ్చి మా మెడకు కట్టొద్దు.

రాత్రిబండి:

ఏడేళ్ళ తేడా ఉందంటే ఇక వాదించడానికేముంది?

పాతపుస్తకం:

ఉంది బాబూ. మాంజ్ మీద ఇచ్చిన తీర్పులో ఏం రాశారన్నది కూడా చూడాలి. ఆజ్ఞ మీరి మళ్ళీ బాప్తిస్మం ఇచ్చాడన్నది ఒకటి. క్రీస్తును అనుసరించాలనుకునేవాళ్ళను కూడగట్టి, బాప్తిస్మంతో వాళ్ళతో ఏకమై, సంఘం నుంచి విడిపోయాడన్నది ఇంకొకటి. మరణశిక్షనే తప్పుపట్టాడన్నది మరొకటి. అంటే విశ్వాసం, రాజ్యం రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. మీరిద్దరూ ఆ కాగితాన్ని చెరొక సగం చింపుకుని పోట్లాడుతున్నారు.

అదే రోజు మాంజ్ సహచరుడు జార్జ్ బ్లౌరాక్‌కు పడిన శిక్ష చూడండి. ఆయనా బాప్తిస్మాలు ఇచ్చినవాడే. కానీ జ్యూరిచ్ పౌరుడు కాదు. నడుం దాకా బట్టలు విప్పించి, బెత్తాలతో కొట్టి, ఊరు దాటించారు. (1529లో టిరోల్‌లో కాథలిక్ ప్రభుత్వం ఆయన్ను తగలబెట్టింది.) మాంజ్ సొంత ఊరివాడు, గ్రోస్‌మ్యూన్‌స్టర్ చర్చి మతాధికారి కొడుకు, హీబ్రూ చదివినవాడు, ఒకప్పుడు జ్యూరిచ్ చర్చి సంస్కర్త జ్వింగ్లీతో కలిసి నడిచినవాడు. పరాయివాడి కంటే సొంతవాడి మీదే వాళ్ళకు భయం ఎక్కువైంది.

1525ను కూడా మరవకూడదు. జర్మన్ రైతుల యుద్ధం అణచివేసి రెండేళ్ళయినా కాలేదు. ఫ్రాంకెన్‌హౌసెన్ యుద్ధంలో ఆ రైతులు ఓడిపోయినప్పుడు అక్కడ ఉన్న హాన్స్ హుట్ అనే పుస్తకాల వ్యాపారి తర్వాత అనాబాప్టిస్టు బోధకుడై, 1528లో లోకాంతం వస్తుందని ఊరూరా చెప్పాడు. పాలకుడికి ఆ రైతులూ, హుట్టూ, సాట్లరూ ఒకేలా కనబడ్డారు. అది వాళ్ళ గుడ్డితనం, ఒప్పుకుంటాను. కానీ ఆ భయం ఉత్తిది మాత్రం కాదు.

సంఖ్యలు కూడా చూడండి. స్విట్జర్లాండ్, దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా వైపు రికార్డుల్లో దొరికే మరణశిక్షలు 845 దాకా అని చరిత్రకారుడు క్లాజ్-పీటర్ క్లాసెన్ లెక్క తేల్చాడు. అందులో ఎక్కువ భాగం కాథలిక్ ప్రభువుల చేతిలోనే.

తెల్లకాగితం:

సార్, ధన్యవాదాలు. నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు. పాలమూరు తమ్ముడు సంవత్సరాలు లెక్కపెడుతున్నాడు గానీ ప్రమాణం సంగతికి జవాబు ఇవ్వలేదు. సాట్లర్ విచారణలో ఏమన్నాడు? తురకలు వచ్చినా ఎదిరించకూడదన్నాడు. యుద్ధమే న్యాయమైతే తురకల మీద కంటే తమను క్రైస్తవులమని చెప్పుకునేవాళ్ళ మీదే వెళతానన్నాడు. అంతకు ముందు ఏడాదే ఆ తురకల, అంటే ఆటోమన్ల, చేతిలో హంగరీ సైన్యం మొహాచ్‌లో నాశనమైంది. రెండేళ్ళకు 1529లో ఆటోమన్ సైన్యం వియెన్నా గోడల దాకా వచ్చింది. ఆ పరిస్థితిలో ఆ మాట విన్న న్యాయమూర్తికి అది విశ్వాసంలా వినబడుతుందా?

పాలమూరు పిల్లోడు:

మాటకు నాలుక కోస్తారా అక్కా? మీరు న్యాయమూర్తి చెవితో వింటున్నారు. నేను కోయించుకున్నవాడి వైపు నుంచి చూస్తున్నాను. నా ప్రశ్న ఒక్కటే, 1527 ముందు వస్తుందా, 1534 ముందు వస్తుందా? దానికి సూటిగా చెప్పండి. ముందు కొట్టి, తర్వాత వాడు తిరగబడ్డాడని చూపించి, అందుకే కొట్టామంటే ఎలా ఒప్పుకోవాలి?

గుండ్లకమ్మ:

ఒంగోలు నుంచి ఒక మాట. మాది బాప్టిస్టు కుటుంబం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తవ్వ వాళ్ళలో ఒకరని ఇంట్లో చెప్పుకుంటాం. కాబట్టి నేను ఎటువైపో మీకు తెలిసిపోతుంది.

భయం నిజమే అనుకుందాం. ఆ భయం ఉన్న పాలకులంతా చంపారా? జర్మనీలోని హెస్సె ప్రభువు ఫిలిప్ చంపలేదు. 1529 ఏప్రిల్‌లో ష్పైయర్ పట్టణంలో కూడిన జర్మన్ సామ్రాజ్య సభ, మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నవాళ్ళను చంపాలని సామ్రాజ్యమంతటికీ చట్టం చేసింది. అందుకు పాత రోమన్ చక్రవర్తి జస్టీనియన్ కాలం నాటి చట్టాన్ని తవ్వి తీశారు. అదే సభలో, అదే నెలలో లూథర్ పక్షం ప్రభువులు "మా మనస్సాక్షి ఒప్పుకోదు" అని నిరసన తెలిపారు. ప్రొటెస్టెంట్ అన్న పేరు వచ్చింది దానివల్లే. వాళ్ళలో ఫిలిప్ ఒకడు. ఆయన తన రాజ్యంలో అనాబాప్టిస్టులను జైల్లో పెట్టాడు, వెళ్ళగొట్టాడు, మాట్లాడి వెనక్కి తిప్పుకునే ప్రయత్నం చేశాడు. విశ్వాసం పేరుతో మాత్రం ఒక్కరినీ చంపించలేదు. మ్యూన్‌స్టర్ బిషప్‌కు సైనిక సాయం చేసింది కూడా ఆయనే. అంటే నిజంగా తిరగబడినవాడెవడో, ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసుకునేవాడెవడో ఆయనకు తేడా తెలిసింది. ఆయనకు తెలిసినది మిగతావాళ్ళకు తెలియలేదంటే నేను నమ్మను.

రాత్రిబండి:

మరి లూథర్ ఏమన్నాడు? ఎవరూ చెప్పరేం?

పాలమూరు పిల్లోడు:

నేను చెబుతాను. మొదట్లో 1528లో, ఈ పేదవాళ్ళను ఇలా చంపుతున్నారని బాధపడుతూ రాశాడు. 1536 వచ్చేసరికి, అనాబాప్టిస్టులకు శిక్ష వెయ్యడం పాలకుల బాధ్యత అని తన సహచరుడు మెలాంక్‌థన్ రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. తన మనస్సాక్షి కోసం చక్రవర్తి ముందు నిలబడిన మనిషి!

ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో, అంటే మీ లూథరన్ల విశ్వాస ప్రకటనలో, "అనాబాప్టిస్టులను ఖండిస్తున్నాము" అన్న మాట ఇప్పటికీ అలాగే ఉంది. ఒక్కచోట కాదు. మీరు చదివి వస్తారు, మేం వింటూ కూర్చుంటాం. పైగా మమ్మల్నే తిరుగుబాటుదారులంటారు. అక్కా, మీరు చదివింది చరిత్ర కాదు, మీ సంఘాన్ని వెనకేసుకురావడానికి ఏరుకున్న ముక్కలు.

తెల్లకాగితం:

ఏరుకున్న ముక్కలా? 2010లో స్టుట్‌గార్ట్‌లో లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ సభ మెన్నొనైట్లను క్షమించమని అడిగింది. ఆ సంగతి మీకు తెలియదా? తెలుసు. చెప్పలేదు. మా పాస్టర్ గారూ ఎప్పుడూ చెప్పలేదు.

సరే, ఇప్పటిదాకా రాయకూడదనుకున్నది రాస్తాను.

పెళ్ళి కుదిరి, పత్రికలు అచ్చయ్యాక ఆయన తరపు సంఘం నుంచి కబురొచ్చింది. "అమ్మాయి బాప్తిస్మం తీసుకోవాలి, అప్పుడే పెళ్ళి." తీసుకున్నానండీ, నాకు 21 రోజులప్పుడే అయింది అన్నాను. "అది బాప్తిస్మం కాదమ్మా, నీళ్ళు చల్లడం" అన్నారు. కన్ఫర్మేషన్ అయింది, పదేళ్ళుగా బల్లలో పాలు పొందుతున్నాను అన్నాను. అదీ లెక్కలోకి రాలేదు.

పెళ్ళికి తొమ్మిది రోజుల ముందు తెల్ల చీర కట్టించి చర్చి వెనక సిమెంటు తొట్టిలో ముంచారు. అమ్మ వచ్చింది. చివరి బెంచీలో కూర్చుంది. నన్ను చంకనెత్తుకుని మా ఊరి చర్చిలో బల్ల దాకా నడిచింది ఆమె. ఆ రోజు నాకు కట్టిన చిన్న తెల్ల గౌను ఇప్పటికీ బీరువాలో దాచుకుంది. తొట్టిలోంచి లేచి చూస్తే అమ్మ తల వంచుకుని ఉంది. ఇంటికెళ్ళాక ఒక్కటే అడిగింది, "అయితే అప్పుడు నేను చేసింది ఏంటే?" అని.

దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అలాంటి నాకు ప్రతి ఏడాదీ మాంజ్ కథ చెబుతారు. మనస్సాక్షి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదంటూ చెబుతారు.

నిర్వాహకులు:

ఎవరి సంఘాన్నీ కించపరచకుండా రాయండి. తెల్లకాగితం గారు సంఘం పేరు రాయలేదు, మిగతావాళ్ళు కూడా అడగొద్దు. చర్చ కొనసాగించవచ్చు.

పాలమూరు పిల్లోడు:

అక్కా, రాత్రంతా ఇదే ఆలోచించాను. "ఏరుకున్న ముక్కలు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నాకు మంట ఎక్కడ పుట్టిందో చెప్పాలి. మీ శీర్షికలో ఉన్న "తిరుగుబాటు" అన్న మాట దగ్గర. మా తాత దొర దగ్గర జీతం ఉండేవాడు. వాళ్ళ నాయన చేసిన అప్పుకు ఈయన జీతం. ఎప్పుడు లేవాలో, ఎక్కడ తినాలో, పెళ్ళి ఎప్పుడు చేసుకోవాలో కూడా వేరేవాళ్ళే చెప్పేవాళ్ళు. మా వైపు మెన్నొనైట్ మిషన్ పాతది. రష్యా మెన్నొనైట్ అయిన అబ్రహాం ఫ్రీసెన్ 1889లో ఈ దేశం వచ్చి నల్లగొండ వైపు పని మొదలుపెట్టాడు, తర్వాత అమెరికా నుంచి వచ్చినవాళ్ళు పాలమూరు దాకా విస్తరించారు. అలా వాక్యం విని, మా తాత ఒక తెల్లవారుజామున ఊరి చెరువులో బాప్తిస్మం తీసుకున్నాడు. పొద్దెక్కేసరికి దొరకు తెలిసిపోయింది. తడి బట్టలతోనే గడి ముందు నిలబెట్టారు. "ఎవర్ని అడిగి మునిగినవ్‌రా?" అన్నాడట దొర. "ఎవర్నీ అడగలే" అన్నాడట మా తాత.

అంతే. అది చెప్పినప్పుడల్లా ఆయన నవ్వేవాడు. వీపు మీద మచ్చ మాత్రం పోలేదు. ఆ రోజు దొర వాడిన మాట కూడా అదే, వీళ్ళు తిరగబడుతున్నారని. మా తాత కత్తి పట్టలేదు, ఎవరి గింజా ముట్టలేదు. ఒకసారి మునిగి లేచాడు.

అందుకే పాలకుల భయాన్ని అర్థం చేసుకోమని ఎవరన్నా నేను వినలేను. ఆ పట్టణాలకు పాలకులుంటే మాకు దొర. జ్యూరిచ్ గురించి మాట్లాడుతున్నాననుకున్నాను గానీ నేను మాట్లాడింది మా ఊరి గడి గురించి.

తెల్లకాగితం:

తమ్ముడూ, ఇది మొదటే రాసి ఉంటే నేను ఆ శీర్షిక పెట్టేదాన్నే కాదు.

మీ తాతగారు ఎవర్నీ అడగలేదు. నన్ను ఎవరూ అడగలేదు. నా బాధంతా అక్కడే. పెద్దవాళ్ళయ్యాక మునగడం తప్పని నేను అనడం లేదు. మీ తాతగారిది బాప్తిస్మం. పత్రికలు పంచేశాక తొట్టిలో ముంచితే అది ఏమవుతుంది?

ఇప్పుడు ఇంకోటి వచ్చింది. మాకు పాప. ఏడు నెలలు. గౌను ఉతికి పెట్టాను, ఎప్పుడు తెస్తావ్ అని అమ్మ అడుగుతోంది. అత్తగారు వాళ్ళు ప్రతిష్ఠ ప్రార్థన చేయిస్తాం, బాప్తిస్మం మాట ఎత్తొద్దు అంటున్నారు. ఆయన మధ్యలో నలిగిపోతున్నారు. రెండు ఇళ్ళలోనూ టెన్షనే. నేను ఇదంతా చదవడం మొదలుపెట్టింది ప్రసంగం విన్నాక కాదు, పాప పుట్టాక.

పాతపుస్తకం:

అమ్మా, అయితే మీకు ఒక సంగతి చెప్పాలి. ఈ ఉద్యమం మొదలైనప్పుడు దాని నాయకుడి ఇంట్లో ఒక పసిపాప ఉంది. జ్యూరిచ్‌లో మాంజ్‌తో కలిసి దీన్ని మొదలుపెట్టిన కాన్రాడ్ గ్రేబెల్‌కు 1525 జనవరి మొదట్లో కూతురు పుట్టింది. రాచెల్ అని పేరు పెట్టారు. ఆ బిడ్డకు ఇంకా బాప్తిస్మం ఇప్పించలేదని బావ వాడియన్‌కు ఉత్తరం రాశాడు. ఆ జనవరిలోనే జ్యూరిచ్ కౌన్సిల్ ఆజ్ఞ ఇచ్చింది. బాప్తిస్మం కాని పిల్లలకు ఎనిమిది రోజుల్లో ఇప్పించండి, లేదా ఊరు విడిచి వెళ్ళండి అని. రాచెల్‌కు అప్పటికి రెండు వారాలు కూడా నిండలేదు. జనవరి 21 రాత్రి మాంజ్ ఇంట్లో చేరి, గ్రేబెల్ చేతుల మీదుగా బ్లౌరాక్ బాప్తిస్మం తీసుకున్నాడు. మిగతాదంతా ఆ తర్వాత వచ్చిందే.

ఆ ఎనిమిది రోజుల గడువే ఆ తండ్రికి భరించరానిదైంది. పెద్ద పెద్ద సిద్ధాంతాల గురించి రాసేవాళ్ళు ఆ పాప సంగతి ఒక్క ముక్కలో చెప్పి దాటేస్తారు.

గుండ్లకమ్మ:

అమ్మాయ్, మీ ఇంట్లో కూడా అలాంటి గడువు ఎవరూ పెట్టకుండా చూసుకో. అమ్మ పెట్టినా, అత్తగారు పెట్టినా.

పాలమూరు పిల్లోడు:

అక్కా, నేను మా సంఘంలో యూత్ సెక్రటరీని. పెళ్ళికి ముందు వేరే సంఘం అమ్మాయిలకు బాప్తిస్మం ఇవ్వడం మా దగ్గరా ఉంది. రెండుసార్లు నేనే తొట్టి నింపాను. ఆ అమ్మాయిలు ఏమనుకుంటున్నారో అడగాలని అప్పుడు తట్టలేదు. చిన్నప్పటి బాప్తిస్మం బాప్తిస్మమేనని నేను ఇప్పటికీ ఒప్పుకోను, అది దాచను. కానీ పెళ్ళి తేదీ చూపించి ముంచడం గురించి వచ్చే కమిటీలో మాట్లాడతాను. ఒప్పుకుంటారని గ్యారంటీ లేదు.

తెల్లకాగితం:

మాట్లాడండి చాలు.

ఒక్కటి అడుగుతాను. మాంజ్‌ను తీసుకెళుతుంటే ఆయన తల్లీ, సోదరుడూ నది ఒడ్డున నిలబడి ధైర్యం తప్పొద్దని కేక వేశారంటారు. అది నిజంగా ఉందా, ప్రసంగాల్లో కలిపిందా?

పాతపుస్తకం:

ఉందమ్మా. జ్వింగ్లీ తర్వాత ఆ స్థానానికి వచ్చిన బుల్లింగర్ రాసిందే. ఆయన అనాబాప్టిస్టులకు బద్ధ వ్యతిరేకి. మెచ్చుకోవడానికి రాసింది కాదు. 2004లో జ్యూరిచ్ సంస్కరణ సంఘం క్షమాపణ అడిగి, మాంజ్ పేరుతో ఆ నది ఒడ్డునే ఒక రాతి ఫలకం పెట్టించింది.

తెల్లకాగితం:

ఆ తల్లి కూడా మాంజ్ పుట్టినప్పుడు చంకనెత్తుకుని చర్చికి తీసుకెళ్ళి బాప్తిస్మం ఇప్పించే ఉంటుంది కదా. అప్పుడు అందరూ అదే చేసేవాళ్ళు. తను చేయించింది చెల్లదని కొడుకు అంటున్నా, వాడి కోసం ఒడ్డున నిలబడింది.

పాలమూరు పిల్లోడు:

అవును అక్కా. ఇన్నేళ్ళు ఆ కథ చెబుతూ ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు.

తెల్లకాగితం:

ఆదివారం పాపను తీసుకుని అమ్మ దగ్గరికి వెళుతున్నాను. గౌను గురించి ఇంకా ఏమీ అనుకోలేదు. ముందు ఆమె అడిగినదానికి జవాబు చెప్పాలి.